కుడి పైట

నేను పైట వేసుకోవడం మొదలుపెట్టిన నాటి నుంచి ఈ రోజు దాకా ఒక్కసారి కూడా కుడి భుజం మీద వెయ్యలేదు. ఈ ముక్క కాస్త గుర్తుపెట్టుకోండి. మిగతాదంతా నేను చెప్తాను.

అది ఎనభై రెండో సంవత్సరం వేసవి. మా ఇంటి అరుగు మీద కూర్చుని కొబ్బరాకు ఈనెలు చీరుతున్నాను. అమలాపురం ఎండకి రోడ్డు మీద కుక్క కూడా లేదు. అలాంటి వేళ ఒక బక్కపల్చటి మనిషి సైకిలు దిగి, వెనక కట్టుకొచ్చిన అట్టపెట్టె విప్పుకుంటూ వచ్చాడు.

"మార్తమ్మగారంటే మీరేనాండీ?"

"ఆయ్, నేనేనండి. ఏం తప్పు చేసేనండి?"

ఆయన నవ్వాడు. "తప్పేం లేదండి. నా పేరు సుందరరావండి. హైస్కూల్లో సోషలు చెప్తాను. వాణీ పఠన సంఘానికి ఈ ఏడే కార్యదర్శినయ్యేను."

ఆ పేరు వినగానే ఈనె నా వేలికి దిగింది. పదేళ్ళయింది ఆ సంఘం పేరు మా గుమ్మంలో వినబడి. మా ఆయన దానం అందులో బంట్రోతు. ఇరవై రెండేళ్ళు చేశాడు. ఊళ్ళో వాళ్ళకున్న అయిదు గ్రంథాలయాలకీ పుస్తకాలు మోసిందీ, చిరిగినవి కుట్టిందీ, చెదలు పట్టకుండా మైదా జిగురులో మైలుతుత్తం కలిపి అట్టలంటించిందీ ఆయనే. డెబ్బై రెండులో ఒకరోజు లెక్క చూస్తే నలభై పుస్తకాలు కనబడలేదు. అధ్యక్షుడు పెద్దిరాజుగారు నలుగురిలో నిలబెట్టి "దొంగ" అన్నారు. మళ్ళీ ఈ మెట్టెక్కితే కాళ్ళు విరుగుతాయన్నారు. ఎక్కలేదు. మూడేళ్ళపాటు రోజూ సాయంత్రం రోడ్డుకి అవతల నిలబడి ఆ బోర్డు చదువుకుని ఇంటికొచ్చేవాడు. డెబ్బై అయిదులో పోయాడు.

"కార్యదర్శిగారికి నాతో ఏం పనండి?" అన్నాను.

"సంఘానికి యాభై ఏళ్ళు నిండేయండి. ఊరి గ్రంథాలయాల చరిత్రంతా ఫోటోల్లో పెడదామని. సంచిక కూడా వేస్తున్నాం. ఫోటోలు బోల్డున్నాయి గానీ, వాటిలో ఉన్నవాళ్ళెవరో చెప్పేవాళ్ళు లేరు. ఎవర్నడిగినా మార్తమ్మనడగండి అంటన్నారు."

"పెద్దిరాజుగారున్నారు కదండీ?"

"ఆయనకి కళ్ళు కనబట్టం లేదండి. శుక్లాలు. ఎండాకాలం పోయేకగానీ కొయ్యరంట. పైకి మాత్రం అన్నీ కనబడుతున్నట్టే ఉంటారు." ఆ చివరి మాట చుట్టూ చూసి, మెల్లగా అన్నాడు.

పెట్టె విప్పాడు. నేను చెయ్యి తుడుచుకుని ఒక్కొక్కటే తీశాను. ఏం చెప్పమంటారు! ధాన్యం కొట్టులో పెట్టిన మొదటి చదువుకునే గది, అందులో ఒకటే బల్ల, దాని చుట్టూ పదిమంది. చేపల బజారు శాఖ. అక్కడ పేపరు చదివే ఆయన కూర్చుంటే, ఆడవాళ్ళు గంపలు దింపి వినేవారు. సంఘానికి రేడియో వచ్చిన రోజు. ఆడవాళ్ళ గది తెరిచిన రోజు. అరవైతొమ్మిది తుఫాను తర్వాత వీధి పొడుగునా తాళ్ళు కట్టి పుస్తకాలు బట్టల్లా ఆరేసిన ఫోటో. ఆ తాళ్ళు కట్టింది మా ఆయన. నేనొక్కొక్క ఫోటో మీదా వేలు పెట్టి చెప్తుంటే సుందరరావుగారు రాసుకుంటున్నాడు. పలానా ఆయన ఎవరి అల్లుడో, ఏ చొక్కా ఎవరి దగ్గర అరువు తెచ్చుకున్నదో కూడా చెప్పాను.

"అదీ రాయమంటారాండీ?" అన్నాడు.

"వద్దులెండి, వాళ్ళ మనవలకి పెళ్ళిళ్ళు కావాలి."

పెట్టె అడుగున పడవ ఫోటో ఉంది. యాభై ఒకటో సంవత్సరంలో పుస్తకాల పడవ మొదలుపెట్టిన రోజుది. కాలవ గట్ల ఊళ్ళ వాళ్ళు పట్నం దాకా రాలేరని వారానికొకసారి పడవ మీద పుస్తకాలు పంపేవారు. మచ్చలు పడిన చిన్న ఫోటో. పడవలో ఆరుగురు మగవాళ్ళు. ఎడమ కొసన పడవ తోసే గెడ పట్టుకుని మా ఆయన. నడుమ కుర్చీలో సంఘం పెట్టిన మాణిక్యాలరావుగారు. కుడి కొసన మీసం దువ్వుకుని పెద్దిరాజుగారు, అప్పటికి ముప్పై ఏళ్ళవాడు. మా ఆయనకి ఇటు పక్కన, గట్టు మీద, పెళ్ళయి నాలుగు నెలలైన నేను. ఆ ఆరుగురిలో ఇప్పుడు బతికున్నది ఆ మీసం ఒక్కటే.

"అందరి పేర్లూ చెప్తానండి. కానీ ఒక్క షరతు," అన్నాను. "ఎడమ కొసన గెడ పట్టుకున్నాయన్ని బంట్రోతని వదిలెయ్యకూడదు. దానం అని పేరు రాయాలి."

సుందరరావుగారు నా మొహంలోకి చూశాడు. అర్థమైంది ఆయనకి. "రాస్తానండి. ఈ గట్టు మీద ఉన్నది మీరేనా? మీ పేరు కూడా రాస్తాను."

"నాదెందుకండీ? ఆయన పేరు రాస్తే నాది రాసినట్టే."

అదొక్కటే నేను కోరింది. ఆ గోడ మీద ఆయన పేరుండాలి, అంతే.

మరో మూడు వారాలకి సుందరరావుగారు మళ్ళీ వచ్చాడు. ఫోటోలన్నీ పెద్దవి చేయించి గోడలకి పెట్టామనీ, పేర్లు సరిగ్గా ఉన్నాయో లేదో నేనొకసారి చూడాలనీ అన్నాడు. ఏదో ఇంకో మాట చెప్పబోయాడు. "అధ్యక్షులవారు ఒక మాట మార్పించేరండి... నేను వద్దన్నాను... మీరే చూద్దురుగాని," అన్నాడు. నేల చూపులు చూశాడు.

ఆయన వెంట వెళ్ళి సంఘం మెట్టు దగ్గర ఆగిపోయాను. మా ఆయన ఎక్కనిది నేనెక్కడమేమిటి అనిపించింది. సుందరరావుగారు ముందు లోపలికెళ్ళి, వెనక్కొచ్చి, "రండమ్మా" అని చెప్పులు విప్పి నా పక్కన నిలబడ్డాడు. అప్పుడు ఎక్కాను.

పడవ ఫోటో ఎదురు గోడ మీద తలుపంత ఉంది. కింద పెయింటరు రాసిన పొడుగాటి అక్షరాలు. నాకు చేతిరాత చదవడం రాదు గానీ అచ్చక్షరాలొస్తాయి. మా ఆయన పుస్తకాలకి అట్టలంటిస్తూ నేర్పాడు. ఒక్కొక్కటే కూడబలుక్కున్నాను. ఎడమ నుంచి కుడికి. దానం. బంట్రోతు. నా చూపు అక్కడే ఆగితే బాగుండేది. పక్కన బ్రాకెట్టు గీసి ఇంకేదో ఉంది. చకి ఓత్వమిస్తే చో. రకి గుడిదీర్ఘమిస్తే రీ. "పుస్తకాల చోరీపై తొలగింపబడినవాడు."

"చరిత్రన్నాక ఉన్నదున్నట్టు రాయాలి కదా అన్నారండి ఆయన," సుందరరావుగారు గొణిగాడు.

చెప్తున్నాను చూడండి, ఆ చోరీ ఎవరు చేశారో నాకు తెలుసు. డెబ్బై మూడులో పెద్దిరాజుగారింట్లో పెళ్ళికి గిన్నెలు తోమడానికెళ్ళాను. లోపలి గదిలో అద్దాల బీరువా. అందులో వరసగా ఆకుపచ్చ వీపుల పుస్తకాలు. అది నా పెళ్ళిచీర! చిరిగిపోతే మా ఆయన ఆ ముక్కల్ని పుస్తకాల వీపులకి అంటించాడు, ఖరీదైన గుడ్డ సంఘానికి బరువని. ఇంటికొచ్చి చెప్తే, "చెదలు పట్టకుండా ఉన్నాయా?" అని అడిగాడు. ఉన్నాయన్నాను. "అయితే ఊరుకో మార్తా, మన మాటెవరు నమ్ముతారు?" అన్నాడు. ఆయన అలాంటివాడు. నేను కాదు. పాస్టరుగారు క్షమించమ్మా అనేవారు. ఆదివారం క్షమించేదాన్ని. సోమవారం పొయ్యి వెలిగించేసరికి మళ్ళీ మొదటికొచ్చేది.

ఆ బ్రాకెట్టు మీంచి చూపు తిప్పుకుని, కనీసం ఆయన మొహమైనా చూసుకుందామని పైకి చూశాను. ఆ పేరు పైన మా ఆయన లేడు. దువ్విన మీసం ఉంది.

తికమకపడి కుడివైపు చూశాను. గెడ పట్టుకుని మా ఆయన ఆ కొసన ఉన్నాడు. ఆయన పక్కన గట్టు మీద నేను. నా పైట కుడి భుజం మీద ఉంది.

ఫోటో తిరగబడింది. అద్దంలో చూసినట్టు ఇటుది అటయింది. పాత గాజు నెగెటివు పలక మీంచి పెద్దది చేసేటప్పుడు స్టూడియో ఆయన పలకని తిరగేసి పెట్టాడని తర్వాత తెలిసింది. పడవ మీద రాసిన పేరుని తోరణాల కొబ్బరాకు కప్పేసింది గానీ, లేకపోతే ఆ అక్షరాలే చెప్పేసేవి. పేర్లు మాత్రం నేను చిన్న ఫోటో చూసి చెప్పిన వరసలోనే ఉన్నాయి. అంటే దొంగ అన్న మాట దొంగ కిందే ఉంది.

"ఇదే ఫోటో, ఇవే పేర్లు సంచికలోకి వెళ్తాయండి. వెయ్యి కాపీలు," సుందరరావుగారు అన్నాడు. "తప్పులేవైనా ఉంటే ఇప్పుడే చెప్పాలి. రేపు ప్రెస్సుకిచ్చేస్తాను."

"తప్పులేం లేవండి."

"బాగా చూసేరాండీ?"

"ఆయ్. ఎవరి పేరు ఎక్కడుండాలో అక్కడే ఉందండి."

ఆయన ఒక్క క్షణం ఫోటో వంక చూసి, పెన్ను మూత పెట్టేశాడు.

ఉత్సవం రోజున ఉతికిన చీర కట్టుకుని, అందరికంటే ముందెళ్ళి, పడవ ఫోటోకి ఎదురుగా గోడవార నిలబడ్డాను. చేపల బజారు నుంచి లోవమ్మ వచ్చింది. గంప దింపి పేపరు విన్న ఆడవాళ్ళలో అది మొదటిది, నాకంటే రెండేళ్ళు పెద్దది. "ఎంతకాలానికొచ్చేవే ఈ గుమ్మంలోకి!" అని నా చెయ్యి పట్టుకుంది.

పెద్దిరాజుగారు జరీ కండువా వేసుకుని, చేతికర్రతో నేలని వెతుక్కుంటూ, వెతుక్కుంటున్నట్టు తెలియనివ్వకుండా వచ్చారు. పక్కన రాజమండ్రి నుంచి వచ్చిన ముఖ్య అతిథి. రిటైరైన తెలుగు మాస్టారు, కంచు గొంతు. ప్రతి ఫోటో ముందూ ఆగి, కింద రాసింది పైకి చదివి, ఆహా అనేవాడు. ఆయన చదివింది విని పెద్దిరాజుగారు, తాను చూసినట్టే ఏదో ఒకటి చెప్పేవారు. రేడియో ఫోటో దగ్గర రేడియో తానే మోసుకొచ్చానన్నారు. తుఫాను ఫోటో దగ్గర తాళ్ళు తానే కట్టించానన్నారు. వాళ్ళు ఫోటో ఫోటో దాటుతూ మా వైపు వస్తుంటే నేను పైట సర్దుకున్నాను.

పడవ దగ్గరకొచ్చారు.

"ఎడమ నుంచి కుడికి..." అని మాస్టారు పేర్లన్నీ చదివి, కుడి కొసకొచ్చి ఆగిపోయాడు. "పెద్దిరాజుగారు! ఏమండీ, ఈ గెడ పట్టుకున్నది తమరా! ఎంత నిరాడంబరం! చూడండి బాబూ, ఈనాటి అధ్యక్షులు ఆనాడు స్వయంగా పడవ నడిపారు!"

పెద్దిరాజుగారు ఒక్క క్షణం తటపటాయించారు. జన్మలో గెడ ముట్టుకున్న మనిషి కాదు. అయినా చుట్టూ చప్పట్లు మొదలయ్యాయి కదా.

"ఏం చేస్తామండీ," అన్నారు. "ఆ రోజుల్లో బంట్రోతుల్ని నమ్ముకుంటే పనులవుతాయా? నేనే వేసేవాణ్ణి. చేతులు బొబ్బలెక్కిపోయేవి."

ఆ బొబ్బలకి నేను రాత్రులు కొబ్బరినూనె రాసేదాన్ని. ఉద్యోగం తీసుకున్నారు, పరువు తీసుకున్నారు, చివరికి ఆ బొబ్బలు కూడా తీసుకున్నారు. లోవమ్మ చెయ్యి వదిలించుకున్నాను.

"మరి ఈ ఎడమ కొసన?" మాస్టారు వంగి చూశాడు. "మీసం దువ్వుకుని దర్జాగా నిలబడ్డాడే? దానం, బంట్రోతు, పుస్తకాల చోరీ... వీడేనా?"

"వాడేనండి. నేనే పట్టుకున్నాను. ఆ మాట రాయించిందీ నేనే. చూడండి, ఆ మొహంలోనే ఉంది దొంగతనం."

నేను ముందుకెళ్ళాను. "అయ్యగారూ, నాకు చెవులు సరిగ్గా వినబడవండి. ఎవరి మొహంలో ఉందన్నారండీ?"

ఎవరో ముసల్ది అడుగుతోందనుకున్నారు. చేతికర్ర ఎత్తి, మాస్టారి గొంతు వినబడిన వైపు ఫోటో మీద టకటకా కొట్టారు. "ఇదిగో, ఈ మొహంలో! కనబట్టం లేదూ?"

కర్ర కొస సరిగ్గా దువ్విన మీసం మీద ఆగింది.

"కనబడతందండి," అన్నాను. "ఇన్నాళ్ళకి మీ నోటితోనే విన్నానండి."

మాస్టారికి నా మాట అర్థం కాలేదు. మర్యాదకి కుడివైపు జరిగి, "ఈ గట్టు మీద అమ్మాయెవరో? అధ్యక్షులవారి పక్కన నిలబడింది, పేరు రాయలేదే!" అన్నాడు.

"నేనేనండి. అధ్యక్షులవారి పక్కన కాదండి, మా ఆయన పక్కన నిలబడ్డాను."

అందరూ ఫోటో వంక చూశారు. మగవాళ్ళకి ఏమీ తట్టలేదు. లోవమ్మ మాత్రం మెడ ముందుకి చాచి, కళ్ళు చికిలించింది.

"ఒసే మార్తమ్మా! నువ్వెప్పుడేసేవే కుడి పైట?"

"నేనెప్పుడూ వెయ్యలేదే లోవా."

"మరి..." లోవమ్మ వేలు నా పైట మీంచి గెడ మీదికి, గెడ మీంచి ఆ కొస మీసం దాకా నడిచింది. "ఓలమ్మో! ఫోటోయే తిరగబడింది!"

ముందు ఆడవాళ్ళ వైపు నుంచి ఒక కిసుక్కు. తర్వాత మరొకటి. ఆ తర్వాత మగవాళ్ళు కర్ర పట్టుకున్న పెద్దాయన మొహమూ, ఫోటోలో మీసం మొహమూ మార్చి మార్చి చూశారు. మాస్టారు దగ్గు తెచ్చుకుని పక్క ఫోటోకి వెళ్ళిపోయాడు.

"ఏమిటది? ఎందుకా నవ్వు?" పెద్దిరాజుగారు అటూ ఇటూ తిరిగారు. "సుందరరావూ! ఏమైంది?"

ఎవరూ చెప్పలేదు. మాది మర్యాదస్థుల ఊరు. ఏమీ లేదండీ, ఏమీ లేదండీ అంటూనే నవ్వారు.

నేను ఆయన దగ్గరికెళ్ళి, ఆయనకొక్కరికే వినబడేలా అన్నాను. "పెద్దిరాజుగారూ, నేను దానం పెళ్ళాన్నండి. మీ అద్దాల బీరువాలో మా ఆకుపచ్చ చీర ముక్కలు భద్రంగా ఉన్నాయా అండీ?"

ఆయన చేతిలోంచి కర్ర జారింది. తీసిద్దామని ఎవరో వంగారు. నేను వంగలేదు.

వచ్చేటప్పుడు సుందరరావుగారు మెట్టు దాకా వచ్చాడు. "నావల్ల పెద్ద పొరపాటైపోయిందండి," అన్నాడు, మొహంలో పొరపాటు చేసినవాడి బాధ వెతికినా లేదు. "గోడ మీద ఫోటో సరిచేయించి, ఆ బ్రాకెట్టు తీయించేస్తాను. సంచికలు వెయ్యీ అచ్చయిపోయేయి. తప్పు దిద్దుతూ చీటీలు వేయించి అంటించమంటారా?"

"గెడ పట్టుకున్నది ఎవరో మీకు మొదటి రోజే చెప్పేను కదండీ. పెద్ద ఫోటోలో మీరు చూడలేదాండీ?"

ఆయన నవ్వలేదు. "నాకు కళ్ళు బాగానే కనబడతాయండి, మార్తమ్మగారూ."

చీటీలు వద్దన్నాను. అలాగే ఉండనిమ్మన్నాను.

ఆ చలికాలం పెద్దిరాజుగారికి కళ్ళు కోశారు. కట్టు విప్పగానే సంచిక తెప్పించుకుని, పడవ పేజీ చింపి పొయ్యిలో పెట్టారని వాళ్ళింట్లో పనిచేసే నూకాలమ్మ చెప్పింది. ఆ రోజు నేను కోడిని కోసి కూర వండాను. తగలబెట్టుకోనివ్వండి. ఇంకా తొమ్మిదివందల తొంభైతొమ్మిది ఇళ్ళలో ఉంది ఆ మొహం, దాని కింద ఆ మాట.

నాక్కూడా ఒకటిచ్చారు. బైబిలు పక్కన పెట్టుకున్నాను. ఒకరోజు మా మనవరాలు రత్నం, రెండో తరగతి చదువుతోంది అప్పుడు, దాన్ని తీసి కూడబలుక్కుని చదివింది. "దానం... అమ్మమ్మా, తాతయ్య పేరు! తాతయ్య ఈయనేనా?" అని ఆ మీసం మీద వేలు పెట్టింది. ముద్దు పెట్టుకోబోయింది కూడా.

పుస్తకం లాక్కున్నాను. ఆయన పేరు గోడెక్కాలని కోరిందాన్ని, ఆ దొంగ మొహం కింద అచ్చేయించింది నేనే కదా. పిల్ల బిక్కమొహం వేసుకుని చూస్తోంది.

లేచి, గోడ మీది అద్దం దించి, ఆ పేజీ ఎదురుగా పట్టాను. అద్దంలో నా పైట ఎడమ భుజానికొచ్చింది. పడవ ఎడమ కొసన, తన చోట, గెడ పట్టుకుని మా ఆయన నిలబడ్డాడు.

"అదిగో మీ తాతయ్య," అన్నాను.

రత్నం అద్దంలోకి తొంగిచూసింది. "పేర్లు తిరగబడిపోయేయి అమ్మమ్మా. చదవడానికి రావట్లేదు."

"రాకపోతే మానె," అన్నాను. "మొహం చూసుకో."